తీరం ఎక్కడ దాటితే ఏంటి? తుపాన్లను చదవడం నేర్చుకున్న నా అనుభవం

విశాఖ వాళ్లకి 2014 అక్టోబరు 12 గురించి ఎవరూ గుర్తు చెయ్యక్కర్లేదు. హుద్‌హుద్ వచ్చిన రోజు. గంటకి 180 కిలోమీటర్ల గాలికి ఊళ్లో పచ్చదనమే లేకుండా పోయింది. కైలాసగిరి మీదున్న వాతావరణ శాఖ రాడార్ కూడా దెబ్బతింది. ఆ రోజు ఎంత భయపడ్డామో చెప్పి విసిగించను, ఇక్కడ ప్రతి ఇంట్లో ఒక కథ ఉంది. నన్ను ఈ పిచ్చిలోకి లాగింది మాత్రం ఒకటే విషయం. మధ్యాహ్నం వేళ గాలి ఆగింది. తగ్గడం కాదు, నిజంగానే ఆగింది. మా అపార్ట్‌మెంట్ వాళ్లు కిందికి దిగి కార్లకి ఏమైందో చూసుకున్నారు, "హమ్మయ్య, అయిపోయిందిలే" అనుకున్నారు. కాసేపటికి మళ్లీ మొదలైంది, ఈసారి సరిగ్గా ఎదురు వైపు నుంచి. పొద్దుట్నుంచీ చెక్కుచెదరని వెనకవైపు కిటికీలు అప్పుడు పగిలాయి.

కరెంటు లేని ఆ తర్వాతి రోజుల్లో కనబడ్డవాళ్లనల్లా అడిగాను, గాలి దిక్కు ఎందుకు మారిందని. "తుపాను కన్ను మన మీంచి వెళ్లింది" అన్నారు. కన్నంటే ఏంటి, అందులో గాలి ఎందుకుండదు అంటే ఎవరి దగ్గరా జవాబు లేదు. నేను కామర్స్ చదివినవాణ్ణి, ఒక షిప్పింగ్ ఏజెంటు ఆఫీసులో లెక్కలు రాస్తాను. ఫిజిక్సు పదో తరగతితోనే ఆగిపోయింది. అయినా పట్టుకున్నాను.

మొదట నేర్చుకున్నది, ఇప్పటికీ ఎక్కువగా వాడేది, బైస్ బాలట్ అనే డచ్ శాస్త్రవేత్త 1857లో చెప్పిన సూత్రం. గాలికి వీపు పెట్టి నిలబడితే అల్పపీడన కేంద్రం మన ఎడమ చేతి వైపు, నేల మీదైతే కాస్త ముందుకి ఉంటుంది. భూమధ్యరేఖకి ఉత్తరాన ఉన్న మనకి ఇది వర్తిస్తుంది, దక్షిణాన తిరగబడుతుంది. గాలి తక్కువ పీడనం వైపు వెళ్లబోతుంటే భూభ్రమణం దాన్ని కుడికి తోస్తుంది. దాంతో అది కేంద్రం చుట్టూ గడియారం ముల్లుకి ఎదురు దిశలో తిరుగుతుంది. ఇంతే. హుద్‌హుద్ ముందు భాగంలో ఉన్నప్పుడు ఒకవైపు గాలి, కన్ను దాటాక వెనక భాగంలో ఉన్నప్పుడు ఎదురు వైపు గాలి. నా కిటికీల సంగతి అక్కడే తేలిపోయింది.

మేడ మీద బట్టలారేసే తీగకి పాత చున్నీ ముక్క ఒకటి కట్టాను. 2018 డిసెంబరులో పెథాయ్ వచ్చినప్పుడు దాన్ని చూస్తూ నిలబడ్డాను. ముందు ఈశాన్యం నుంచి ఉన్న గాలి తూర్పుకి, ఆ తర్వాత ఆగ్నేయానికి తిరిగింది. వీపు తిప్పి ఎడమ చెయ్యి చాపితే, ఆ చెయ్యి ముందు సముద్రం వైపు, తర్వాత యానాం, కాకినాడ వైపు చూపించింది. తుపాను అటే వెళ్లింది. ఫోను చూడకుండా, టీవీ పెట్టకుండా, ఒక గుడ్డముక్కతో తెలిసింది. ఆ రోజు నేను పడ్డ సంబరం చూసి మా అమ్మ "తుపానొస్తే ఏడవాలి గానీ ఇకిలిస్తావేంట్రా" అంది.

తర్వాత కొలతల మీద పడ్డాను. వానమాపకం కొనక్కర్లేదు. ఒక గరాటు, ఒక సీసా, మందుల షాపులో దొరికే కొలపాత్ర చాలు. గరాటు నోరు 20 సెంటీమీటర్లు ఉంటే దాని వైశాల్యం 314 చదరపు సెంటీమీటర్లు. సీసాలో 314 మిల్లీలీటర్ల నీళ్లు పడితే 10 మిల్లీమీటర్ల వాన కురిసినట్టు. వాతావరణ శాఖ రోజు ఉదయం 8:30కి మొదలై మర్నాడు 8:30కి ముగుస్తుంది కాబట్టి నేనూ ఆ వేళకే కొలుస్తాను. 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. టీవీలో ఈ మూడు మాటలూ ఇష్టమొచ్చినట్టు కలిపేస్తారు గానీ వాటి వెనక లెక్క ఉంది. మేడ మీద పిట్టగోడ పక్కన పెడితే గాలికి చినుకులు పక్కకి కొట్టుకుపోయి లెక్క తక్కువొస్తుంది. నిజానికి నేల మీద, చుట్టూ ఉన్న గోడలకీ చెట్లకీ వాటి ఎత్తుకి కనీసం రెండింతల దూరంలో పెట్టాలి. అపార్ట్‌మెంటులో అంత నేల ఎక్కడిది? వాచ్‌మన్‌ని బతిమాలి పార్కింగు బయట తులసికోట దగ్గర కాస్త జాగా సంపాదించాను.

గాలి పీడనం కొలవడానికి చాలా ఫోన్లలో సెన్సర్ ఉంటుంది, ఏదో ఒక బారోమీటర్ యాప్ వేసుకుంటే అంకె కనిపిస్తుంది. మూడో అంతస్తు మేడ మీదికీ కింద గేటు దగ్గరికీ ఒక మిల్లీబార్ పైనే తేడా వస్తుంది, ఎందుకంటే సుమారు ఎనిమిది మీటర్ల ఎత్తుకి ఒక మిల్లీబార్ తగ్గుతుంది. అందుకని ఎప్పుడూ ఒకేచోట చూడాలి. అసలు తమాషా ఇది కాదు. నిర్మలంగా ఉన్న రోజు కూడా పీడనం కుదురుగా ఉండదు. ఉదయం పది ప్రాంతంలో ఎక్కువ, సాయంత్రం నాలుగుకి తక్కువ, మళ్లీ రాత్రి పదికి ఎక్కువ, తెల్లవారుజామున నాలుగుకి తక్కువ. రెండుమూడు మిల్లీబార్ల తేడాతో రోజుకి రెండుసార్లు వాతావరణమంతా ఉబ్బి తగ్గుతుంది. సూర్యుడి వేడి వల్ల కలిగే పోటు అది. మన లాంటి ఉష్ణ ప్రాంతాల్లో బాగా కనిపిస్తుంది. ఇది తెలియకుండా బారోమీటర్ చూస్తే ప్రతి సాయంత్రం నాలుగింటికీ తుపాను వస్తున్నట్టే ఉంటుంది! నిన్న ఇదే వేళకి ఎంత, ఇవాళ ఎంత అని చూడాలి. ఆ తేడా మూడు నాలుగు మిల్లీబార్లు దాటితే అప్పుడు టెన్షన్ పడొచ్చు. హుద్‌హుద్ కేంద్రంలో పీడనం 950 మిల్లీబార్లట. అక్టోబరులో మామూలుగా వెయ్యి పైన ఉండేదాన్ని ఆ అంకెతో పోల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఉపగ్రహ చిత్రాలు చదవడం దీనికన్నా తేలికనుకుంటారు, కాదు. ఇన్‌శాట్ చిత్రాలు అరగంటకొకటి వస్తాయి. పరారుణ చిత్రంలో (వేడిని బట్టి తీసేది) తెల్లగా మెరిసేదల్లా వాన కాదు. తెలుపంటే చల్లదనం, అంటే మేఘం తల అంత ఎత్తున ఉందని అర్థం. కింద వాన ఉండొచ్చు, ఉత్త పలచటి మేఘమే కావొచ్చు. పగటిపూట మామూలు చిత్రం పక్కన పెట్టుకుని చూస్తే రెంటికీ తేడా తెలుస్తుంది. నాకు బాగా పనికొచ్చిన అభ్యాసం పాత తుపాన్ల చిత్రాలు వరసగా పెట్టుకుని చూడటం. 2013 నవంబరులో వచ్చిన లెహర్ చూడండి. అండమాన్ దాటి బంగాళాఖాతంలో అతి తీవ్ర తుపాను అయింది, మన కోస్తా అంతా గుండెలు అరచేతిలో పెట్టుకుంది. తీరా మచిలీపట్నం దగ్గరికి వచ్చేసరికి ఒట్టి వాయుగుండం. పైగాలులు ఒక దిశలో, కింది గాలులు ఇంకో దిశలో ఉంటే తుపాను తల ఒకచోట, మొండెం ఒకచోట అయిపోతుంది. చిత్రంలో మేఘాల ముద్ద పక్కకి జరిగిపోయి, కింది సుడి బోడిగా కనిపిస్తుంది. అలా కనబడిందంటే తుపానుకి ఆయువు మూడిందన్నమాట.

ఈ పైగాలుల సంగతి తెలిశాకే నాకు కార్తెల లెక్క అర్థమైంది. తుపానుకి సముద్రం ఉపరితలం 26.5 డిగ్రీలైనా ఉండాలంటారు. బంగాళాఖాతం ఏడాదిలో చాలా భాగం అంతకన్నా వెచ్చగానే ఉంటుంది. మరి నడి వానాకాలంలో పెద్ద తుపాన్లు ఎందుకు రావు? అప్పుడు కింద నైరుతి గాలి, పైన తూర్పు నుంచి బలమైన గాలి. సుడి లేచినా చాలాసార్లు తుపాను కాకముందే చీలుస్తాయి. రుతుపవనాలు వెనక్కి మళ్లాక ఆ గాలులు సద్దుమణుగుతాయి. మా అమ్మకి ఇవేమీ అక్కర్లేదు. గోడ మీది క్యాలెండరులో చిత్త కార్తె మొదలైందంటే కిరసనాయిలూ కొవ్వొత్తులూ సర్దుకునేది వాళ్లమ్మ, ఇప్పుడు ఈవిడ పవర్ బ్యాంకు చార్జింగు పెడుతుంది. ఫైలిన్ 2013 అక్టోబరు 12, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12, తిత్లీ 2018 అక్టోబరు 11. మూడూ చిత్త కార్తెలోనే తీరం దాటాయి. కోనసీమని తుడిచిపెట్టిన 1996 నవంబరు 6 తుపాను స్వాతి ముగిసే వేళది.

పుస్తకంలో లేని పాఠం ఒకటి ఫిషింగ్ హార్బరు వైపు దొరికింది. పేపర్లో అల్పపీడనం వార్త వచ్చిన రోజు, ఆఫీసు పని మీద వెళ్లి ఒడ్డున నిలబడి ఫోనులో మ్యాపు చూస్తున్నాను. ఎండ కాస్తోంది, గాలి లేదు. వల బాగుచేసుకుంటున్న పెద్దాయన ఒకరు "ఏటి బాబూ, అందులో సూస్తన్నావు? ఇటు సూడు, కెరటం ఎడం పెరిగింది" అన్నారు. కెరటాల మధ్య వ్యవధి ఎక్కువైందని ఆయన మాట. ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టి లెక్కపెట్టాను. మామూలు రోజుల్లో ఎనిమిది, తొమ్మిది సెకన్లకి ఒకటి విరుగుతుంది. అప్పుడు పద్నాలుగు సెకన్లకి దగ్గరగా ఉంది. ఇంటికొచ్చి లెక్క చూసుకున్నాను. లోతైన సముద్రంలో పద్నాలుగు సెకన్ల కెరటాల గుంపు రోజుకి 900 కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణిస్తుంది. తుపాను గంటకి పది పదిహేను కిలోమీటర్లు నడిస్తే గొప్ప. అంటే దాని కబురు మోసుకుని కెరటం ఒకటి రెండు రోజుల ముందే ఒడ్డుకి చేరుతుంది. అయితే వేసవిలో ఎక్కడో దక్షిణ మహాసముద్రంలో లేచిన కెరటాలు కూడా ఇలాగే పొడుగు వ్యవధితో వచ్చి మన తీరాన్ని తాకుతుంటాయి. తుపానూ ఉండదు, మేఘమూ ఉండదు. అందుకే హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే కెరటాల హెచ్చరిక కూడా చూడటం అలవాటు చేసుకున్నాను. సముద్రమే లేని ఊళ్లో సముద్రం ఆఫీసేంటని మొదట్లో నవ్వుకునేవాణ్ణి!

ఇక అందరూ ఫోన్లలో చూసే విండీ యాప్, రంగురంగుల మ్యాపులు. అవి కంప్యూటర్ మోడళ్ల లెక్కలు. యూరప్ వాళ్లదొకటి, అమెరికా వాళ్లదొకటి ఎక్కువమంది చూస్తారు. పది రోజుల తర్వాతి తేదీకి జరిపి, అక్కడ ఎర్రటి సుడి కనిపిస్తే స్క్రీన్‌షాట్ తీసి "విశాఖకి మరో హుద్‌హుద్" అని గ్రూపులో పెట్టేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. ఆర్నెల్లకోసారైనా మా కాలనీలో ఎవరో ఒకరు ఆ పని చేస్తారు. మర్నాడు అదే మోడల్ ఆ సుడిని బంగ్లాదేశ్‌లో పెడుతుంది, ఆ సంగతి ఎవరూ గ్రూపులో పెట్టరు. నేను చూసేది ఒక గీత కాదు, గీతల గుంపు. యూరప్ మోడల్‌ని ప్రారంభ పరిస్థితులు కొద్దికొద్దిగా మార్చి యాభై రకాలుగా నడిపిస్తారు. ఆ దారులన్నీ ఒక కట్టగా ఉంటే నమ్మొచ్చు. విసనకర్రలా విచ్చుకుంటే ఎదురుచూడాలి. గ్రూపులో మాత్రం వాతావరణ శాఖ బులెటిన్ తప్ప నా సొంత జోస్యం పెట్టను.

బులెటిన్ చదవడానికీ ఓపిక కావాలి. గంటకి 31 నుంచి 49 కిలోమీటర్ల గాలి ఉంటే వాయుగుండం, 61 దాకా తీవ్ర వాయుగుండం, 62 నుంచి తుపాను, 89 నుంచి తీవ్ర తుపాను, 118 నుంచి అతి తీవ్ర తుపాను. మనవాళ్లు మూడు నిమిషాల సగటు గాలి చెబుతారు, అమెరికా నేవీ కేంద్రం ఒక నిమిషం సగటు చెబుతుంది. అందుకే ఒకే తుపానుకి వాళ్ల అంకె పెద్దది. దాన్ని పట్టుకుని "మనవాళ్లు దాస్తున్నారు" అనేవాళ్లకి చెప్పీ చెప్పీ విసుగొచ్చింది. గాలి వేగం రెట్టింపైతే గోడ మీద తోపు నాలుగు రెట్లవుతుందని కూడా గుర్తుంచుకోవాలి. ఎనభైకీ నూటఅరవైకీ తేడా టీవీలో వినడానికి ఎనభయ్యే.

మా ఆఫీసులో రోజూ వినబడే మాట ఓడరేవు హెచ్చరిక నంబర్లు. "మూడో నంబరు ఎగరేశారు" అనగానే ఇళ్ల దగ్గర హడావుడి. మొత్తం పదకొండు. ఒకటి, రెండు ఎక్కడో నడిసముద్రంలో ఉన్నదాని గురించి. మూడు, నాలుగు రేవుకే గాలుల హెచ్చరిక. ఐదు నుంచి ఏడు ప్రమాదం, ఎనిమిది నుంచి పది మహా ప్రమాదం. పదకొండంటే హెచ్చరికల కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని. నన్ను ఆపి ఆలోచింపజేసింది ఐదు, ఆరు, ఏడు. మూడింటిలోనూ తుపాను తీవ్రత ఒకటే. ఐదంటే రేవు తుపాను దారికి ఎడమ పక్కన ఉంటుంది, ఆరంటే కుడి పక్కన, ఏడంటే నెత్తి మీంచో పక్కనుంచో పోతుంది. కుడా, ఎడమా అన్నదానికి విడిగా నంబరెందుకు పెట్టారు?

మన తీరానికి తుపాను సాధారణంగా వాయవ్య దిశగా కదులుతూ వస్తుంది. కుడి పక్కన గాలి సముద్రం నుంచి నేల మీదికి తోస్తుంది, నీళ్లని తోసుకొస్తుంది. ఎడమ పక్కన నేల మీంచి సముద్రంలోకి పోతుంది. 1977 నవంబరు 19న తుపాను తీరం దాటింది చీరాల, నిజాంపట్నం వైపు. జనం వేల సంఖ్యలో పోయింది దివిసీమలో. అది దాటిన చోటుకి కుడి పక్క. ఉప్పెన ఐదు మీటర్ల ఎత్తున వచ్చిందంటారు, ప్రభుత్వ లెక్కే పది వేలకి అటూఇటూ. తిత్లీ పలాస దగ్గర దాటినప్పుడు మేము ఎడమ పక్కనున్నాం. నా చున్నీ ముక్క పడమటి గాలికి ఊగింది, అంతే. అదే పూట ఉద్దానంలో కొబ్బరీ జీడీ తోటలు నేలకొరిగాయి.

ఇదంతా తెలిశాక "ఎక్కడ దాటుతుందట?" అనే ప్రశ్న మీద నాకు నమ్మకం పోయింది. టీవీలో, బస్సులో, ఆఫీసులో మొదట అడిగేది అదే. మ్యాపు మీద ఆ చుక్క కేంద్రానిది మాత్రమే. గాలి ఒకచోట, ఉప్పెన ఒకచోట, వాన ఇంకోచోట ఉంటాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర దాటింది. అంతకు ముందే మూడు వందల కిలోమీటర్ల దూరంలో చెన్నై మునిగిపోయి ఉంది, తుపాను తీరం పక్కనే నెమ్మదిగా నడవడం వల్ల.

2024 ఆగస్టు ఆఖరున మా చెల్లెలు విజయవాడ నుంచి ఫోన్ చేసింది. వాయుగుండం కళింగపట్నం దగ్గర దాటుతుందని అప్పటికే చెప్పారు. "అన్నయ్యా, వాయుగుండం మీ వైపు కదా, ఇక్కడెందుకిలా కుండపోతగా కొడుతోంది?" అంది. కళింగపట్నానికీ విజయవాడకీ నాలుగు వందల కిలోమీటర్ల పైనే. రాడార్ బొమ్మ తెరిచాను. మా విశాఖ మీద చెదురుమదురు పచ్చ మచ్చలు. విజయవాడ చుట్టుపక్కల మాత్రం ఎరుపూ పసుపూ కలిసిన పట్టీ ఒకటి పొద్దుట్నుంచీ కదలకుండా ఉంది. మేఘాలు ముందుకి పోతున్నా వెనక కొత్తవి పుట్టి అదే చోటికి వస్తున్నాయి. వానాకాలపు వాయుగుండాలకి భారీ వాన ఎక్కువగా నైరుతి పక్కన పడుతుందని చదివాను, ఆ రోజు కళ్లతో చూశాను. "కింద పోర్షన్లో సామాను పైకి ఎక్కించు, బండి ఫ్లైఓవర్ మీద పెట్టించు" అని చెప్పాను. బుడమేరు వాగుకి గండ్లు పడతాయని నేనేమీ చెప్పలేదు, అది నా చదువుకి అందే సంగతి కాదు. సింగ్‌నగర్ మునిగింది. ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. వాళ్ల ఫ్రిజ్ పోయింది, బండి మిగిలింది. దాని తర్వాత మా చెల్లెలు తీరం ఎక్కడ దాటుతుందని అడగడం మానేసింది. "వాన పట్టీ ఎక్కడుంది అన్నయ్యా?" అంటుంది.

తుపాన్ల మీద ఇంత తెలిసినా, వేసవిలో ఉరుములతో వచ్చే జడివాన దగ్గర నేను ఇంకా ఒకటో తరగతే. విశాఖలో వాతావరణ శాఖ ఎగరేసే బెలూను ఇచ్చే లెక్కలు నెట్‌లో దొరుకుతాయి. ఎంత ఎత్తున ఎంత తేమ, ఎంత చలి, ఎటు గాలి అన్నీ ఏటవాలు గీతల మీద గీసి ఉంటాయి. కింద తేమ ఉండి పైన పొడిగా, చల్లగా ఉంటే సాయంత్రానికి మేఘం లేచే అవకాశం ఉందని చూడటం వచ్చింది. అది మన నెత్తి మీదికి వస్తుందా అన్నది రాలేదు. మధ్యాహ్నం మూడు దాటాక తూర్పు కనుమల మీద కాలీఫ్లవర్ తలలు లేస్తాయి, సముద్రపు గాలి లోపలికి ఎంత దూరం వెళ్లిందో చూస్తాను, దామిని యాప్‌లో పిడుగులు ఎటు నడుస్తున్నాయో చూస్తాను, చూసి మేడ మీది వడియాలు తీసెయ్యమని అమ్మకి చెబుతాను. సగానికి సగం ఆ మేఘం అనకాపల్లి వైపు పోతుంది. ఇప్పుడు అమ్మ నా మాటకి లేవడం మానేసింది, ఉరుము తన చెవిన పడ్డాకే చేట పట్టుకుని పైకి వెళ్తుంది.